పక్కింటావిడ నామినేషను

మా వారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మేయరు.

తాగొచ్చే మొగుడి గురించి చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. పేకాడే మొగుడి గురించి చెప్పుకుంటే కనీసం పుట్టింటివాళ్ళయినా నిట్టూరుస్తారు. మేయరైన మొగుడి గురించి ఎవరితో చెప్పుకోను? "అదృష్టవంతురాలివి వకుళా, మా వీధి డ్రైనేజీ సంగతి కాస్త చూడమను" అంటారు. అది ఆయన పరిధిలో లేదంటే, "అయితే ఏ ఊరికి మేయరు?" అని అడుగుతారు. ఆయన ఏలే ఊరు ఆయన ఫోన్లో ఉంది.

ఆ ఊరి పేరు హాయిపురం. అదొక ఆన్‌లైన్ ఆట. ఎక్కడెక్కడివాళ్ళో ఆడతారు, అరవైమందికో ఊరు చొప్పున పంచుతారు. ప్రతివాళ్ళకీ ఒక బొమ్మమనిషి, తోచిన పేరు. ఖాళీ స్థలం మీద వేలు పెడితే ఇల్లు లేస్తుంది. విత్తనం మీద వేలు పెడితే మొక్కొస్తుంది. సాయంత్రం నాలుగింటికి వాన పడుతుంది. వీధిలో కలిస్తే మాట్లాడుకోవచ్చు. కొట్టుకోవడాలు లేవు, గెలవడాలు లేవు. మూడు నెలలకోసారి మాత్రం మేయరు ఎన్నిక ఉంటుంది. మేయరుకి ఆట ఇచ్చే అధికారమల్లా ఒక గొడ్డలి బొమ్మ. దాన్ని దేని మీద పెడితే అది చెప్పిన గడువుకి కూలిపోతుంది. పెట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని తీయలేరు. దారికడ్డంగా పెరిగిన పొదలు కొట్టించడానికని ఇచ్చారట, పాపం.

మా వారు భీమశంకరం గారు ఒక పెద్ద కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, కిందటి జూన్‌లో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. జూలై నెల పూర్తిగా మా ఇంటికి కేటాయించారు. ఆ నెలలో పప్పు డబ్బాలకి నంబర్లు పడ్డాయి. కుక్కరుకి కొత్త గాస్కెట్టు కావాలంటే, పాతది గడువుకి ముందే ఎందుకు పాడయిందో సంజాయిషీ రాసిమ్మన్నారు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి శార్వాణి ఒక ఆదివారం కాకినాడ వచ్చి, వంటింటి గుమ్మానికి అంటించిన 'సందర్శకుల వేళలు' అనే కాగితం చూసి, వాళ్ళ నాన్న ఫోన్లో ఈ ఆట ఎక్కించింది.

"ఆయన్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కదమ్మా. ఇక్కడైతే ఎవరికీ నష్టం లేదు" అంది.

అప్పటి మేయరు ఫార్మసీ చదివే పిల్లట, పరీక్షలొచ్చి మానేసింది. నామినేషను వేసింది ఈయనొక్కరే. ఏకగ్రీవం. ఆ రోజు సేమ్యా పాయసం చేయించుకుని, ఆటలో తన పేరు 'అధికారి' అని మార్చుకున్నారు.

మర్నాడే సర్క్యులర్ నంబరు ఒకటి వెలువడింది. "ఇందుమూలముగా హాయిపుర పౌరులకు తెలియజేయడమేమనగా, ముందస్తు అనుమతి లేకుండా వేలు పెట్టి గృహములు లేపుట సక్రమము కాదు. ఇకపై వేలు పెట్టదలచినవారు నిర్ణీత నమూనాలో మూడు ప్రతులు సమర్పించవలెను."

మూడు ప్రతులెందుకని ఎవరూ అడగలేదు. రెండో సర్క్యులర్లో మొక్కలకి వయసు ధ్రువపత్రం అడిగారు. మూడోదాంట్లో చెరువులో బాతులు ఒకే దిశలో ఈదవలెనన్నారు. ఆరోది వాన గురించి: "ప్రతిదినము సాయంకాలము నాలుగు గంటలకు ఎట్టి సమాచారము లేకుండా వర్షము కురియుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను." దీన్ని ఎవరికి పంపాలో తెలియక టౌన్‌హాలు తలుపుకే అంటించారు. ఆ సాయంత్రం వాన ఆ కాగితం మీద కూడా పడింది. ధిక్కారం కింద నమోదు చేశారు.

జనం తిరగబడతారనుకుంటున్నారా? మురిసిపోయారు. తునిలో టైలరింగు షాపు నడిపే ఒకావిడ బుల్లెట్‌రాణి అనే పేరుతో అక్కడ ఉంటుంది. చెరువు గట్టున కనిపించి, "ఇన్నాళ్ళూ వేలెడితే ఇల్లు లేచిపోయేదండి, సప్పగా ఉండేది. ఇప్పుడు చూడండి, మూడు వారాల్నుంచి తిరుగుతున్నా నా డాబాకి ప్లాను రాలేదు. అచ్చం నిజం ఊళ్ళో ఉన్నట్టే ఉంది!" అని సంబరపడింది. పక్క ఊరి మేయరు సర్క్యులర్ల నకళ్ళు పంపమని కబురంపాడు. రెండో ఎన్నికలోనూ మా వారు ఏకగ్రీవమే.

చెరువు గట్టున నేనేం చేస్తున్నానంటారా? కాపురం చేసేచోట ఏం జరుగుతోందో తెలియాలి కదా. శార్వాణి నాకూ ఆట పెట్టిచ్చింది. అక్కడ నా పేరు 'పక్కింటావిడ'. నా దొండపాదుకి పందిరి వేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకుంటే, పందిరి ఎత్తు పేర్కొనలేదని తిరగ్గొట్టారు. అప్పుడాయన హాల్లో సోఫాలో ఉన్నారు, నేను వంటింట్లో దొండకాయలు తరుగుతున్నాను. ఆ పక్కింటావిడ ఎవరో ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

మా ఇంట్లో మూడో మనిషి మా అత్తగారు మాణిక్యాంబ గారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. డిసెంబర్లో బాత్‌రూములో జారిపడితే తుంటికి ఆపరేషన్ చేశారు. ఫిజియోథెరపీ చేయడానికి జోసెఫ్ గారని ఒకాయన రోజూ వచ్చేవారు. కాలు ఇరవైసార్లు ఎత్తమనేవారు. ఆవిడ రెండుసార్లెత్తి, మూడోసారి ఎందుకెత్తాలో వాదనకి దిగేవారు. తోచట్లేదంటే, శార్వాణి తన పాత ట్యాబ్లో ఆవిడకీ హాయిపురం చూపించింది.

ఆవిడ అక్కడ పసుపుపచ్చ పరికిణీ, రెండు జడలూ ఉన్న ఇరవయ్యేళ్ళ పిల్లయ్యారు. పేరు మందారం. వేపచెట్టు కింద పెసరట్ల బండి పెట్టారు. వేలితో పిండి తిప్పాలి, వేలితో అట్టు తిరగెయ్యాలి. అట్టు కాలడానికి అరనిమిషం. ఆ అరనిమిషంలో ఊరికే ఉండలేక కాలెత్తేవారు. అట్టుకోసారి. నెల తిరిగేసరికి జోసెఫ్ గారు లెక్కపెట్టడం మానేశారు. "ఇదేం మందండీ?" అన్నారు నాతో. "అల్లం పచ్చడండి" అన్నాను.

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఊళ్ళోవాళ్ళందరూ ఆ బండి చుట్టూ మూగేవారు. తిన్నాక నక్షత్రాలిస్తారు. అత్తగారు ఆ నక్షత్రాల వంక చాలాసేపు చూసేవారు.

"యాభై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ అట్లు పోశానే అమ్మాయ్. ఇంకోటి వెయ్యి అన్నవాడే గానీ, బాగుందన్నవాడు లేడు. వీళ్ళెవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు, అయిదేసి నక్షత్రాలిస్తున్నారు!"

కొడుకు గదిలోకొస్తే ట్యాబ్ బోర్లా పెట్టి భక్తి ఛానెల్ అనేవారు. మేయరు తన కొడుకేనని ఆవిడకి తను చదివిన మొదటి సర్క్యులర్తోనే తెలిసిపోయింది. "వాడి రాత నాకు తెలీదా? ఆరో క్లాసులో నాకు జ్వరమొచ్చిందని సెలవు చీటీ రాస్తూ 'విషయము' అని పైన పెట్టినవాడు" అన్నారు.

ఫిబ్రవరి మొదట్లో మందారానికి నోటీసు వచ్చింది. "అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశమున పెనము నిలిపి, పొగ, వాసన మరియు గుంపు ఉత్పత్తి చేయుచున్నందున..." అని మొదలై, వారం రోజుల్లో సంజాయిషీ, ఆపైన వ్యక్తిగత విచారణ అని ముగిసింది.

"ఆయనతో చెప్పేస్తానత్తయ్యా, మీరేనని" అన్నాను.

"చెప్పావంటే ఒట్టు. అమ్మనని వదిలేస్తే అది నా బండి గొప్పా? అట్టు బాగుందని వదలాలి గానీ" అన్నారు.

విచారణ పదకొండింటికి. మా వారు ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని, సోఫాలో నిటారుగా కూర్చుని ఫోన్లో మైకు ఆన్ చేశారు. ఊరు ఊరంతా టౌన్‌హాలు ముందు నిలబడింది.

"మందారం అను నోటీసుదారు హాజరా?"

"హాజరే" అని పడగ్గదిలోంచి వినిపించింది. అరక్షణం ఆగి అదే మాట ఆయన ఫోన్లోంచీ వచ్చింది. ఆయన ఫోను వంక చూశారు. గోడ వంక చూశారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు కాబట్టి విచారణ ఆపలేదు.

"తండ్రి లేక భర్త పేరు తెలుపవలెను."

"మీ నాన్న పేరు నీకు తెలీదురా శంకరం?"

'అయ్యబాబోయ్, మేయరు గారు మందారం కొడుకా? దానికి ఇరవయ్యేళ్ళే కదండీ!' అని బుల్లెట్‌రాణి అందరికీ కనపడేట్టు రాసింది.

ఆయన లేచి పడగ్గది గుమ్మంలోకెళ్ళారు. "అమ్మా, భక్తి ఛానెల్ అన్నావు కదా!"

"రోజుకి నూట ఎనిమిది అట్లు పోస్తున్నా. భక్తి కాదంటావా?"

వెనక్కొచ్చి సోఫాలో కూలబడ్డారు. కాఫీ తెచ్చిచ్చాను. "వకుళా, నీకీ సంగతి ముందే తెలుసా?"

"తెలుసు. మీరు రాతపూర్వకంగా అడగలేదు."

ఆయన మెత్తబడతారనే నేననుకున్నాను. గంటసేపు ఆలోచించి ఉత్తర్వు రాశారు. "నోటీసుదారు ఈ అధికారికి స్వయానా తల్లి యగుటచే, ఉదారముగా వ్యవహరించినచో బంధుప్రీతి యగును. తల్లి కానిచో పరిశీలించుటకు కొంత అవకాశముండెడిది." బండి మీద గొడ్డలి పెట్టేశారు. అయితే మూడు వారాల్లో ఎన్నిక ఉంది, ఎన్నికల నియమావళి అమల్లో ఉండగా ఏదీ కూల్చకూడదని ఆయనే పదకొండో సర్క్యులర్లో రాసుకున్నారు. అందుకని గడువు పోలింగు మర్నాడు ఉదయం పది గంటలకని పెట్టారు.

అత్తగారు ట్యాబ్ బోర్లా పెట్టేశారు. మర్నాడు జోసెఫ్ గారు "ఒకటీ..." అంటే కాలెత్తలేదు.

"ఎందుకు నాయనా? నడిచి ఇప్పుడు ఎక్కడికెళ్ళాలి?"

జోసెఫ్ గారు వెళ్తూ వెళ్తూ లిఫ్టు దగ్గర ఆగారు. "ఈ నెలే ముఖ్యమండీ. ఇప్పుడు మానేస్తే కీలు బిగిసిపోద్ది. తరవాత మనమెంత చేసినా ఆవిడ మంచం దిగరు."

ఆ మాట అలాగే మా వారికి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. రాయి కాదు, తల్లంటే ప్రాణమే. అయినా తల అడ్డంగా ఊపారు.

"అమ్మ కాలు వేరు, అమ్మ బండి వేరు వకుళా. రెండు వేర్వేరు ఫైళ్ళు. కలిపి పెట్టడానికి వీల్లేదు."

అప్పుడు నిర్ణయించుకున్నాను, పక్కింటావిడ మేయరుగా పోటీ చేయాలని.

నామినేషనుకి పద్నాలుగు పత్రాలు జతచేయాలి. అభ్యర్థి బతికి ఉన్నట్టు ధ్రువపత్రం, అభ్యర్థి ఇల్లు అభ్యర్థిదే అయినట్టు ధ్రువపత్రం, అభ్యర్థి దొండపాదు ఎవరి గోడ మీదికీ పాకలేదని ఇద్దరు పొరుగువారి వాంగ్మూలం, ఇలాగ. పద్నాలుగోది, ప్రస్తుత మేయరు ఇచ్చే నిరభ్యంతర పత్రం. అంటే ఆయన మీద నేను నిలబడటానికి ఆయనకి అభ్యంతరం లేదని ఆయనే రాసివ్వాలి. అంతకుముందు ఇద్దరు ప్రయత్నించి ఆ మెట్టు మీదే కూలబడ్డారు.

వాళ్ళకి ఆయన తెలియదు. నేను ఇరవయ్యేడేళ్ళుగా ఆయనకి అన్నం వడ్డిస్తున్నాను. ఆ అన్నం మీద ఆయన చెప్పిన మాటలు ఫైళ్ళ గురించే. ఏ గుమాస్తా పేజీ నంబర్లు వేయకుండా పంపాడు, ఎవడు ట్యాగు కట్టకుండా పిన్ను గుచ్చాడు, ఎవడి ఇండెక్సులో ఆరో వరుస లేదు. ఆయనకి లంచం ఇవ్వబోయినవాళ్ళున్నారు, బెదిరించినవాళ్ళున్నారు, ఏమీ సాగలేదు. ఆయన దగ్గర సాగేది ఒక్కటే, ఏ లోపమూ లేని ఫైలు.

నా చేతిరాత గుర్తుపడతారని శార్వాణి చేత టైపు చేయించి, ప్రింటు తీయించాను. ఎడమవైపు మార్జిను. ఎర్ర సిరాతో పేజీ నంబర్లు. పత్రానికో రంగు చీటీ. పైన ఇండెక్సు, కింద 'మొత్తం పుటలు ముప్ఫై ఏడు' అని. తెల్ల ట్యాగు కట్టి, ఒక్కో పేజీ ఫొటో తీసి పంపించాను. కూర మాడింది గానీ ఫైలు కుదిరింది.

మధ్యాహ్నం దోసకాయ పప్పు కలుపుకుంటూ చెయ్యి ఆపేశారు.

"ఎవరో పక్కింటావిడట. నా మీద నామినేషను వేసింది."

"అయ్యో. అభ్యంతరం చెప్పేయండి."

"చెప్పొచ్చు. కానీ కారణం ఫైల్లో కనపడాలి కదా. రెండుసార్లు తిరగేశాను. ఒక్క లోపం లేదు. వకుళా, అనుబంధాలకి కూడా నంబర్లేసింది!" ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇలాంటి మనిషి నా సెక్షన్లో ఒక్కతి ఉంటే ఆ కార్యాలయం రూపమే మారిపోయేది."

నేను పప్పు మరో గరిటె వడ్డించి, మొహం ఉప్పు డబ్బా వైపు తిప్పుకున్నాను. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఇంతగా మెచ్చుకోవడం అదే మొదలు.

సాయంత్రం వానకి ముందే నిరభ్యంతర పత్రం వచ్చేసింది.

మా వారి ఎన్నికల ప్రణాళిక ముప్ఫై ఒక్క పేజీలు. ఇంకా అనుమతి పరిధిలోకి రాని వాటన్నిటినీ, అంటే నీడలు, సీతాకోకచిలుకలు, వీధిలో పలకరింపులు, అన్నిటినీ దశలవారీగా తెస్తామని అందులో ఉంది. నా ప్రణాళిక రెండు మాటలు: 'ఏమీ చేయను'. చెరువు గట్టున నిలబడి అదే చెప్పాను.

"ఏమీ చేయకుండా మేయరెలా అవుతారండీ?" అంది బుల్లెట్‌రాణి అనుమానంగా.

"మీ డాబా మీద మీరే వేలు పెట్టుకోవచ్చు."

"అనుమతి?"

"మీ వేలు, మీ ఇష్టం."

ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఆలోచన అలాంటిది మరి.

కబుర్లతో నెగ్గలేమని తెలిసి ఒక అర్జీ కూడా పెట్టాను: టౌన్‌హాలు కట్టడానికి ప్లాను అనుమతి ఉందా? లేదు. ఆయన వచ్చేనాటికే ఆటవాళ్ళు కట్టిపెట్టిన మేడ అది. ఇంకొకరైతే అర్జీని కింద పడేసేవారు. మా వారు నిజాయితీపరులు. తనకి తానే నోటీసు ఇచ్చుకున్నారు. తానే సంజాయిషీ రాసుకున్నారు. విచారణ రోజున సోఫాలో కూర్చుని ప్రశ్న అడిగి, లేచి వెళ్ళి డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పారు. మళ్ళీ సోఫాలోకొచ్చి, 'జవాబు సంతృప్తికరముగా లేదు' అని రాశారు.

"కాఫీ ఎక్కడ పెట్టను?" అన్నాను.

"ఎవరికి? మేయరుకా, నోటీసుదారుకా?"

"ఎవరు తాగితే వారికి."

"నోటీసుదారుకి ఇవ్వు. ఆయన బాగా నలిగిపోయాడు" అని డైనింగ్ కుర్చీలోకి వెళ్ళారు.

కూల్చివేతలు నియమావళికి విరుద్ధం కదా అని గుర్తుచేశాను. ఎన్నికల సమయంలో ఇతరుల కట్టడాలు కూల్చకూడదు గానీ, అధికారి తన కట్టడాన్ని కూల్చుకోవడం ఆదర్శమట. మర్నాడు మధ్యాహ్నం టౌన్‌హాలు గడియారంతో సహా నేలకూలింది. ఆటలో ఆయన బొమ్మ ఎండలో నిలబడింది, ఈయన సోఫాలోంచి లేచి నమస్కారం పెట్టారు, మా హాల్లోనే.

కూలాక తెలిసింది, ఓట్లు వేయడానికి చోటు లేదని. ఊళ్ళో ఉన్న ప్రతి కట్టడమూ అయితే అనుమతి లేనిది, లేకపోతే ఫైలు నడుస్తున్నది. అలాంటిచోట పోలింగు పెడితే చెల్లదు. రెండు రోజులు పాత సర్క్యులర్లన్నీ తిరగేసి, పరిష్కారం కనిపెట్టారు. ఫలానా తేదీ ఉదయం పది గంటల వరకు ఉంటుందని అధికారికంగా రాతలో ఉన్నది ఊరు మొత్తం మీద ఒక్కటే. మందారం పెసరట్ల బండి.

ఆయనే తల్లి గదిలోకెళ్ళి, మంచం పక్కన నిలబడి, "అమ్మా, నీ ప్రాంగణాన్ని ఎన్నికల నిమిత్తం స్వాధీనం చేసుకోవలసి వచ్చింది" అన్నారు.

అత్తగారు చెయ్యి చాపి ట్యాబ్ వెనక్కి తిప్పారు. "ఎంతమందొస్తారు?"

"అరవై."

"ఓటేసినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపుతామా? పిండి రుబ్బాలి" అన్నారు. మా వారు అది ప్రలోభం కిందికి వస్తుందేమోనని ఆలోచించి, ఇరుపక్షాలకీ ఒకే అట్టు కాబట్టి రాదని తేల్చారు. ఆ రోజు కాలు మళ్ళీ లేచింది. పదకొండుసార్లే. జోసెఫ్ గారు గుమ్మంలోంచి చూసి, లోపలికి రాకుండా వెళ్ళిపోయారు.

పోలింగు రోజున ఓటు కోసం వచ్చినవాళ్ళకంటే అట్టు కోసం రెండోసారి వరసలో నిలబడ్డవాళ్ళు ఎక్కువ. అరవైమందిలో యాభై ఎనిమిది మంది వేశారు. నాకు యాభై అయిదు, ఆయనకి మూడు. ఆ మూడింట్లో ఒకటి ఆయనదే. ఒకటి బుల్లెట్‌రాణిది. "ఏమీ అనుకోకండమ్మా, నా ప్లాను ఇంకా ఆయన దగ్గరే ఉంది కదా" అంది. మూడోది మా అత్తగారిది.

"అత్తయ్యా! మీ బండి కోసం కదా నేను నిలబడింది!"

"నువ్వెలాగూ నెగ్గుతావు. వాడికి వాడి ఓటొక్కటే పడితే చూడలేను. కన్నాను కదే" అన్నారు.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి బాధ్యతల అప్పగింత. 'నూతన మేయరు స్వయముగా హాజరై స్వీకరించవలెను' అని మా వారు రాత్రే కబురు పెట్టారు. సరిగ్గా సమయానికి నేను పోపు దించి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చాను.

"ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఆయన తలెత్తి, "వకుళా, కాసేపు ఆగు, కొత్త మేయరు వస్తున్నారు" అన్నారు. తరవాత నా చేతిలో ఫోను, దాంట్లో దొండపాదు చూశారు. "నువ్వా?"

"నేనే."

"ఆ ఎర్ర సిరా?"

"నాదే."

"ఇండెక్సు కూడానా?"

"ఇండెక్సు కూడా."

ఓడిపోయిన మనిషి మొహం అంతలా వెలగడం నేనెక్కడా చూడలేదు. కానీ సంబరానికి వేళ లేదు. పదింటికి గొడ్డలి పడుతుంది. నేను మేయర్నయినా నా వేలికి అది కదలదు, పెట్టినవాళ్ళే తీయాలి.

"తీసేయండి."

"తీస్తాను. ప్రజాతీర్పు వచ్చింది, కాదనను." ఆయన కాగితం తీసుకున్నారు. "కానీ ఉత్తర్వు రద్దు చేయాలంటే కారణం చూపాలి. రెండు నిమిషాలు." రాసి, పడగ్గదిలోకి తీసుకెళ్ళి తల్లికి చదివి వినిపించారు. "సదరు బండి విషయమున కార్యాలయములో పొరపాటు దొర్లినట్లు గమనించడమైనది."

అత్తగారు ట్యాబ్లోంచి తలెత్తలేదు. అక్కడ వేపచెట్టు కింద ఊరంతా చేరి ఉంది, మైకు తెరిచే ఉంది.

"ఎక్కడ దొర్లింది?"

"కార్యాలయంలో."

"నీ కార్యాలయాన్ని నువ్వే కూల్చుకున్నావు కదరా, పోయినవారం. అది ఉంటే దాన్నే అడిగేదాన్ని."

ఆయన కాగితం వంక చూశారు. కొట్టేసి, 'అప్పటి అధికారి వలన' అని రాయబోయి ఆగిపోయారు. అప్పటి అధికారి చేతిలోనే పెన్ను ఉంది. గోడ గడియారంలో పది కావడానికి అయిదు నిమిషాలుంది.

"అమ్మా, రాతలో ఉంటే చాలు కదా. ఫైల్లో ఉంటుంది."

"ఫైలు నాకు కాలెత్తి పెడుతుందా? అదిగో, అరవై మంది నుంచున్నారు. మూడు ప్రతుల్లో నోటీసిచ్చి, ఆ రోజు వాళ్ళందరి ముందూ విచారణ చేశావు. ఇప్పుడొక్క మాట నోటితో చెప్పలేవూ?"

ఆయన మంచం అంచున కూర్చున్నారు. అది రిటైరయ్యాక నేను చూసిన మొదటి మామూలు కూర్చోవడం. సోఫాలోదీ కాదు, డైనింగ్ కుర్చీలోదీ కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తల్లి చేతిలోంచి ట్యాబ్ తీసుకుని, నోటి దగ్గర పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు.

"నేను తప్పు చేశానమ్మా" అన్నారు మెల్లిగా.

"రాణికి వినపడలేదట. మిషను చప్పుడట" అన్నారు అత్తగారు.

"తప్పు నాదే!" అని ఫోన్లో గొడ్డలి తీసేస్తూ అరిచారు మా వారు, పైఅంతస్తులోవాళ్ళు కిటికీ తెరిచేటంత గట్టిగా. "బండిదీ కాదు, కార్యాలయానిదీ కాదు. నేనే, భీమశంకరాన్ని, తప్పు చేశాను!"